చీదా ఖాన్‌కి ఒక మాట కావాలి

సబ్‌టైటిళ్లు రాసేవాళ్ల బతుకంతా ఒక పెట్టెలో ఉంటుంది. తెర కింద రెండు లైన్లు, లైనుకి ఇన్నే అక్షరాలు, ఆ రెండు మూడు సెకన్లలో చూసేవాళ్లు చదివేయాలి. లెక్క దాటితే పెట్టె ఎర్రబడుతుంది. పద్మారావునగర్‌లో మా మూడో అంతస్తు వరండాలో కూర్చుని పదకొండేళ్లుగా ఈ ఎర్ర పెట్టెతో కాపురం చేస్తున్నాను.

మొన్న వేసవిలో ఒక ఓడ కథ వచ్చింది. 1789 ఏప్రిల్ 28న, పసిఫిక్ సముద్రంలో, బౌంటీ అనే బ్రిటిష్ ఓడ మీద కొందరు నావికులు తెల్లవారకముందే కెప్టెన్ బ్లైని నిద్ర లేపి, చేతులు వెనక్కి కట్టి, ఆయన్నీ ఆయన పక్షాన ఉన్న 18 మందినీ చిన్న పడవలోకి దింపేశారు. డాక్యుమెంటరీ అంతా ఒకటే మాట వినిపిస్తుంటుంది: మ్యూటినీర్స్. నేను 'తిరుగుబాటుదారులు' అని కొట్టాను. పెట్టె ఎర్రబడింది. వెనకాల ఒక క్రియాపదం తీసేశాను. మళ్లీ ఎర్రే. ఆ మాట ఒక్కటే సగం లైను తినేస్తుంది.

ఎలాగో ఇరికించి పంపితే మూడో రోజు ఫైలు తిరిగొచ్చింది. అన్ని చోట్లా 'రెబల్స్' అని మార్చేశారు. పక్కన ఒక నోట్: 'పొట్టిగా ఉంది, జనానికి తెలిసిన మాట.'

తెలిసిన మాటే, కాదనను. పార్టీ టికెట్ రాక ఇండిపెండెంటుగా నామినేషన్ వేసినాయన మన పేపర్లలో రెబల్. సినిమా హీరో రెబల్ స్టార్. ఇంటర్ పిల్లాడు జుట్టు కత్తిరించుకోనంటే వాడూ రెబలే. నడిసముద్రంలో, దొరికితే ఉరే అని తెలిసి, తన కెప్టెన్ మీద కత్తి ఎత్తినవాడికీ ఆ మాటే సరిపోతుందా? ఇదే అడుగుతూ పేజీడు మెయిల్ రాశాను. జవాబు రాలేదు. డబ్బులు మాత్రం టైముకే పడ్డాయి. ఆ మెయిల్లో పట్టనిదంతా ఇక్కడ రాసుకుంటున్నాను.

ముందు మన మాటకు దక్కాల్సిన గౌరవం దక్కనిద్దాం. ఇంగ్లీషు మాటకు మూలం లాటిన్‌లో 'కదలడం' అట, ఫ్రెంచి మీదుగా వచ్చింది. మన 'తిరుగుబాటు' అంతకంటే మంచి మాట. తిరగబడటం. సిపాయి పనేమిటి? తిరగమంటే తిరగడం. పరేడ్ మైదానంలో 'పీఛే ముడ్' అని కేక పడగానే వందల బూట్లు ఒక్క చప్పుడుతో వెనక్కి తిరుగుతాయి. ఆ కేక లేకుండా అవే బూట్లు తిరిగాయనుకోండి, అదీ తిరుగుబాటు. ఇంత చక్కటి బొమ్మ ఆ మాటలో దాక్కుని ఉంది. వాడి వాడి అరగదీశాం.

ఎంత అరగదీశామంటే, 2021 ఫిబ్రవరి 1న మయన్మార్‌లో సైన్యాధిపతి ఎన్నికైన ప్రభుత్వాన్ని కూలదోసి గద్దె ఎక్కితే మన పత్రికల్లో శీర్షిక 'సైనిక తిరుగుబాటు'. సైన్యంలో అందరికంటే పైన ఉన్నవాడు ఎవరి మీద తిరగబడ్డట్టు? ఆయన మాట వినని సిపాయి ఒక్కడూ లేడు గనకే ఆయనకు ఆ పని కుదిరింది. అది విధేయతతో జరిగిన పని. పస్తులున్న సిపాయిలు అధికారి మాట వినం అని మొండికేస్తే అదీ 'సైనిక తిరుగుబాటే'. ఒకటి పైనుంచి కిందికి పడే దెబ్బ, ఇంకోటి కిందినుంచి పైకి లేచే చెయ్యి. రెండింటికీ ఒకే పేరు పెట్టిన భాష ఏదో ఒకదాన్ని చూడ్డం మానేసిందని నా అనుమానం. చూడ్డం మానేసింది కింద ఉన్నవాణ్నే.

మ్యూటినీకి రెండు షరతులున్నాయి. ఒకటి ఉప్పు. ఆ మనిషి అంతకుముందు ఆ ఉప్పు తిని ఉండాలి. జీతం పుచ్చుకుని, ప్రమాణం చేసి, యూనిఫాం తొడుక్కుని ఉండాలి. బయటివాడు కోట మీదికి వస్తే అది దాడి. లోపల కాపలా ఉన్నవాడు తుపాకీ ఇటు తిప్పితే మ్యూటినీ. 'నమక్ హరామ్' అనే తిట్టు 1857లో సిపాయిల మీద అంత ధారాళంగా పడింది అందుకే. రెండోది కూడబలుక్కోవడం. 1957 నాటి మన నౌకాదళ చట్టం మ్యూటినీ అనాలంటే కనీసం ఇద్దరుండాలంటుంది. ఒక్కడు ఎదురు చెబితే ఆజ్ఞ ధిక్కారం. ఇద్దరు కలిసి చెబితే లెక్క మారిపోతుంది. 'కూడబలుక్కోవడం' అని తెలుగువాడు ఎంత బాగా అన్నాడో చూడండి. పలకడం కూడా నేరమే, కూడి పలికితే.

రెబల్‌కి ఈ రెండు షరతులూ అక్కర్లేదు. ఒక్కడూ రెబల్ కావచ్చు, ఎవరి ఉప్పూ తినకుండానే కావచ్చు. నా పేచీ అంతా అక్కడే.

ఇక కోఠీకి వద్దాం. బస్టాండు దగ్గర తుర్రేబాజ్ ఖాన్ స్మారకం ఉంది, ఆయన పేరుతో ఒక రోడ్డూ ఉంది. 1857 జూలై 17, శుక్రవారం. మక్కా మసీదు దగ్గర జనం పోగయ్యారు. తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ ముందు నడిస్తే వెనక వందల మంది రోహిల్లాలు, అంటే పఠాన్లు. మూసీ దాటి, నిజాం దగ్గర ఉండే బ్రిటిష్ ప్రతినిధి నివాసం, రెసిడెన్సీ మీదికి వచ్చారు. మనం కోఠీ మహిళా కాలేజీ అనే భవనమే ఆ రెసిడెన్సీ. పుత్లీబౌలి వైపు ఎదురుగా ఉన్న ఇళ్లలోకి చేరి రాత్రంతా కాల్చారు. అవతల ఫిరంగులున్నాయి. తెల్లారేసరికి అయిపోయింది. తుర్రేబాజ్ ఖాన్ పట్టుబడ్డాడు, జైల్లోంచి తప్పించుకున్నాడు, 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర చంపేశారు. శవాన్ని నగరంలో అందరూ చూసేలా వేలాడదీశారు. మౌల్వీని అండమాన్ పంపారు.

హైదరాబాద్‌లో పెరిగినవాళ్లకి ఆయన ఇంకో దారిలో కూడా తెలుసు. 'ఏందిరా, పెద్ద తుర్రంఖాన్ లెక్క మాట్లాడుతున్నవ్?' ఈ తుర్రంఖాన్ ఆ తుర్రేబాజ్ ఖానే అని ఊళ్లో అందరూ నమ్మే మాట. ఫిరంగికి ఎదురెళ్లినవాడి పేరు చివరికి బడాయికి పర్యాయపదమైంది. స్కూల్లో లెక్కల మాస్టారు నన్ను రోజుకోసారైనా తుర్రంఖాన్ అనేవారు. అది బిరుదని నాకప్పుడు తెలిసుంటే ఎంత బాగుండేది!

సరే, వాళ్లంతా రెసిడెన్సీ మీదికి ఎందుకు వెళ్లినట్టు? ఒక మనిషిని విడిపించడానికి. ఆ మనిషి చీదా ఖాన్, సైన్యంలో జమాదారు, అంటే సిపాయిల మీద చిన్న అధికారి.

ఈ పేరు విన్నవాళ్లు చెయ్యెత్తండి. నేనూ రెండేళ్ల కిందటే విన్నాను.

నిజాం డబ్బుతో, బ్రిటిష్ అధికారుల కింద నడిచే సైన్యం ఒకటుండేది, హైదరాబాద్ కాంటింజెంట్ అని. దాని ఖర్చు బాకీ పేరు చెప్పే 1853లో నిజాం ఏలుబడిలోని బేరారు ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీ తన చేతిలోకి తీసుకుంది. 1857 జూన్‌లో ఔరంగాబాద్‌లో ఆ కాంటింజెంట్ గుర్రపుదళంలో అలజడి లేచింది. మమ్మల్ని ఢిల్లీ తీసుకెళ్లి బాదుషా మీద పోరాడమంటారట, మేం వెళ్లం అన్నారు సవార్లు. ఆ గొడవలోంచి చీదా ఖాన్ కొద్దిమందిని వెంటేసుకుని హైదరాబాద్ చేరాడు, ఇక్కడ ఆసరా దొరుకుతుందనుకుని. దివాన్ సాలార్ జంగ్ ఆయన్ని పట్టుకుని రెసిడెన్సీకి అప్పగించాడు. ఆ కబురే జూలై 17న జనాన్ని వీధిలోకి తెచ్చింది.

ఇప్పుడు ఈ ఇద్దరు ఖాన్లలో ఇంగ్లీషు వాడి మ్యూటినీర్ ఎవరు? తుర్రేబాజ్ ఖాన్ రెసిడెన్సీ మీదికి వెళ్లింది రోహిల్లాల నాయకుడిగా, పల్టన్ జవానుగా కాదు. ఆయన రెబల్. యూనిఫాం తొడుక్కుని, జీతం తీసుకుని, తోటివాళ్లతో కూడబలుక్కుని, 'వెళ్లం' అన్నది చీదా ఖాన్. అసలు సిసలు మ్యూటినీర్ ఆయనే. తుర్రేబాజ్‌కి రోడ్డుంది, స్మారకం ఉంది, వెక్కిరింతగానైనా నాలుక మీద ఒక సామెత ఉంది. చీదా ఖాన్‌కి ఊళ్లో ఏమీ లేదు. భాషలోనూ ఏమీ లేదు. ఇద్దర్నీ కలిపి 'తిరుగుబాటుదారులు' అనేసి, ఆ మూటలో పెద్ద పేరును పైన పెట్టి చిన్న పేరును అడుగున పారేశాం.

హైదరాబాద్‌లో మూడు నాలుగు భాషలు ఒకే బస్సులో ప్రయాణిస్తాయి గనక మాటల సంకటం ఇక్కడ ఇంకాస్త ఎక్కువ. ఉర్దూలో 1857కి వాడుక పేరు గదర్. అదే ధాతువు నుంచి వచ్చిన గద్దార్ అంటే ద్రోహి. ఒక అక్షరం ఒత్తితే వీరుడు కాస్తా దొంగ అవుతాడు. 1913లో అమెరికాలో పుట్టిన గదర్ పార్టీ స్ఫూర్తితో మన పాటగాడు గద్దర్ అని పేరు పెట్టుకుంటే, ఆ పేరు మొదటిసారి విన్న పాతబస్తీ ఆటోవాలా ఒకాయన 'అదేం పేరు సాబ్, ఎవరైనా తమని తాము గద్దార్ అనుకుంటారా?' అని నన్నడిగాడు. 'విద్రోహం' సంగతీ అంతే. హిందీలో సిపాహీ విద్రోహ్ అంటే గర్వంగా చెప్పుకునే తిరుగుబాటు. తెలుగులో విద్రోహం అంటే వెన్నుపోటు. 1948 సెప్టెంబర్ 17ని మన దగ్గర విమోచనం అనేవాళ్లున్నారు, విలీనం అనేవాళ్లున్నారు, విద్రోహం అనేవాళ్లూ ఉన్నారు. ఆ మూడో పోస్టర్‌ని బిహార్ నుంచి వచ్చిన మా పక్కింటి కుర్రాడు తనకొచ్చిన హిందీ అర్థంలో తీసుకుని, 'ఆ రోజు మీవాళ్లు తిరుగుబాటు చేశారా?' అన్నాడు. నేను చెప్పబోయి, టీ చల్లారిపోతుందని ఊరుకున్నాను.

నా మనసు మాత్రం వేరే మాట మీద ఉంది. పితూరీ.

1879లో రంప కొండల్లో చిగురు పన్ను దగ్గర రాజుకున్నది రంప పితూరీ. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్లో తుపాకులు ఎత్తుకుపోవడంతో అల్లూరి సీతారామరాజు మొదలుపెట్టింది మన్యం పితూరీ. ఇంగ్లీషు దొరలు తమ రికార్డుల్లో కూడా మార్చకుండా 'ఫితూరీ' అనే రాసుకున్నారు. ఇప్పుడు అదే మాటతో ఒక వాక్యం చెప్పమని ఏ ఆఫీసులోనైనా అడగండి. 'వాడు మేనేజర్ దగ్గరికెళ్లి నా మీద పితూరీలు చెప్పాడు.' కొండ ఎక్కి తుపాకీ పట్టిన మాట ఏసీ గదిలో చాడీ అయి కూర్చుంది.

ఇరుగుపొరుగుల్లో దీని బంధువుల్ని పలకరించండి. కన్నడంలో పితూరి అంటే కుట్ర. మరాఠీలో ఫితూర్ అంటే అవతలి పక్షానికి అమ్ముడుపోయినవాడు. కోర్టులో సాక్షి అడ్డం తిరిగితే సాక్షీదార్ ఫితూర్ అయ్యాడని పేపర్లో వస్తుంది. హిందీలో ఫితూర్ అంటే తలకెక్కిన పిచ్చి. ఒకప్పుడు నిజాం రాజ్యంలో పక్కపక్కనే బతికిన భాషలు ఒక మాటను పంచుకుని తలో ముక్కా తీసుకెళ్లాయి: ఒకరికి కుట్ర, ఒకరికి ఫిరాయింపు, ఒకరికి పిచ్చి, మనకు చాడీ. ఈ ముక్కలన్నీ దగ్గర పెట్టి చూస్తే నాకు కనిపించేది మ్యూటినీర్ ముఖమే, అధికారి బల్ల అవతలినుంచి చూసిన ముఖం. కూడబలుక్కున్నాడు, పక్షం మార్చాడు, వీడికి పిచ్చెక్కింది, ముందే ఎవడైనా వచ్చి నా చెవిలో వేసుంటే బాగుండేది.

ఆ చివరిది ఊరికే అనలేదు. 1950 నాటి మన సైనిక చట్టం ప్రకారం మ్యూటినీలో పాల్గొన్నవాడే కాదు, అక్కడే ఉండి ఆపడానికి ప్రయత్నించనివాడూ, జరగబోతోందని తెలిసి వెంటనే పైఅధికారికి చెప్పనివాడూ నేరస్థులే. పితూరీ సంగతి తెలిసీ పితూరీ చెప్పకపోతే అదీ నేరమే అన్నమాట. తెలుగువాడు రెండింటికీ ఒకే మాట ఎందుకు వాడాడో ఇక్కడ కొంచెం అర్థమవుతుంది. బౌంటీ కథలోనూ అంతే. 1792లో పది మందిని విచారించి ముగ్గుర్ని ఉరితీశారు. బ్లైతో వెళ్తామన్నా పడవలో చోటు లేక ఓడలోనే ఉండిపోయినవాళ్లు కూడా బోనెక్కి, మేం వాళ్లలో లేమని చెప్పుకోవాల్సి వచ్చింది. 'రెబల్స్' అని పెట్టిన పెద్దమనిషికి ఆ మెయిల్లో ఇదీ రాశాను. చూసేవాళ్లకి రెబల్ ఎవరో ముందే తెలిసిపోతే ఇక ఆ విచారణ ఎందుకు చూడాలి?

పేరు ఎవరు పెడతారన్నది చిన్న విషయం కాదు. 1806లో వేలూరులో తలపాగా, బొట్టు, గడ్డం మీద ఆంక్షలకి రగిలిన సిపాయిలు ఎదురు తిరిగితే, పట్టుబడ్డవాళ్లలో కొందర్ని ఫిరంగి మూతికి కట్టి పేల్చారు. మూడేళ్ల తర్వాత, 1809లో, బందరులో కంపెనీ తెల్ల అధికారులే భత్యాల కోతల దగ్గర అలిగి తమ కమాండర్‌ని నిర్బంధించారు. సికింద్రాబాద్‌లో ఉన్న అధికారులూ మద్రాసు గవర్నర్ బార్లోని ధిక్కరించారు. అదీ అక్షరాలా మ్యూటినీయే. కొందరి ఉద్యోగాలు పోయాయి. ఆ అధికారుల్లో ఒక్కడూ ఉరికంబం ఎక్కలేదు. విశాఖలో 1780 అక్టోబర్ 3న, హైదర్ అలీ మీద యుద్ధానికి మద్రాసు వెళ్లేందుకు ఓడ ఎక్కమంటే ఎక్కమని అధికారుల్ని కాల్చేసిన సిపాయిల సంగతి 1857కి 77 ఏళ్ల ముందుది. మన పాఠాల్లో నేనెక్కడా చదవలేదు.

1946లో నావికులకు ఈ తెలివి ఉంది. ఫిబ్రవరి 18న బొంబాయిలో తల్వార్ అనే నౌకాదళ శిక్షణ కేంద్రంలో తిండి బాగోలేదని, అధికారి బూతులు తిడుతున్నాడని రేటింగులు, అంటే మామూలు నావికులు, మెస్సుకి పోవడం, పనిలోకి పోవడం మానేశారు. రెండు మూడు రోజుల్లో కరాచీ నుంచి విశాఖ దాకా ఓడలు, రేవులు ఆగిపోయాయి. వాళ్లు కమిటీ వేసుకుని దానికి పెట్టుకున్న పేరులో 'స్ట్రైక్' అని ఉంది. మ్యూటినీ అన్నది ప్రభుత్వం. స్ట్రైక్ అంటే కార్మికుడు, బేరం, రాజీ. మ్యూటినీ అంటే ఉరితాడు. ఆ రెండు మాటల మధ్య నడిచిన లాగుడే ఆ ఐదారు రోజులు. 23న లొంగిపోయారు. లొంగిపొమ్మని నచ్చజెప్పిన పటేల్ ఆ తర్వాత ఒక ఆంధ్ర కాంగ్రెస్ నాయకుడికి రాసిన ఉత్తరంలో, సైన్యంలో క్రమశిక్షణ చెడగొట్టకూడదు, స్వతంత్ర భారతానికీ సైన్యం కావాలి కదా అన్నారు. తప్పు పట్టలేం. రేపు దిగబోయే ఇంటికి ఇవాళే తాళం బాగుచేయించుకునే మనిషి మాట అది. కానీ ఆ నావికుల్ని మనం వీరులంటామా, స్ట్రైకర్లంటామా, తిరుగుబాటుదారులంటామా అన్నది ఎనభై ఏళ్లయినా తేలలేదు. తెలుగులో 'నావికా తిరుగుబాటు' అంటాం. అంటే ప్రభుత్వం పెట్టిన పేరే తర్జుమా చేసుకున్నాం.

ఇంతకీ నేనేం చేస్తున్నానంటే: జనరల్ గద్దె ఎక్కితే 'సైన్యం గద్దె లాక్కుంది' అని రాస్తున్నాను. పెట్టెలో పడుతుంది, ఎర్రబడదు. సిపాయిలైతే 'ఎదురు తిరిగిన సిపాయిలు' అంటున్నాను. చోటు లేనిచోట 'పితూరీదార్లు'. ఆ మాటకు పాత పౌరుషం తిరిగొస్తుందని ఆశ ఏమీ లేదు, చూసేవాళ్లలో కొందరైనా 'చాడీలు చెప్పేవాళ్లా?' అని ఒక్క క్షణం తికమకపడతారు, ఆ తికమక నాకు ఇష్టం.

ఈ గోలంతా పోయిన ఆదివారం యాప్రాల్‌లో మా బాబాయి దగ్గర వెళ్లగక్కాను. ఆయన ఆర్టిలరీలో హవల్దారుగా రిటైరయ్యాడు. గోల్కొండలో ట్రైనింగు, తర్వాత ఈశాన్యంలో కొండల మీద ఏళ్లకేళ్లు. పిన్ని వడ్డిస్తోంది. మామిడికాయ పప్పు, గుమ్మడి వడియాలు.

"కలిసి కంప్లైంట్ చేయడం ఉండదురా మా దగ్గర," అన్నాడు. "సైనిక్ సమ్మేళన్‌లో లేచి నిలబడి నీ కష్టం నువ్వు చెప్పుకోవచ్చు. 'నాకు' అనాలి. 'మాకు' అన్నావో, సాబ్ ముఖం మారిపోతుంది."

"మరి అందరికీ ఒకే కష్టం ఉంటే?"

ఆయన కాసేపు వడియం నమిలాడు. ఒక చలికాలం కొండచరియలు విరిగిపడి రేషన్ లారీ రాలేదట. పదకొండు రోజులు లంగర్‌లో, అంటే జవాన్ల వంటశాలలో, నీళ్ల పప్పు. సరే, లారీ వచ్చింది. పన్నెండో రోజూ నీళ్ల పప్పే. మధ్యాహ్నం ముప్పై మంది వరసగా వచ్చారు, రొట్టెలు తీసుకున్నారు, పప్పు బకెట్ ముందు ఆగకుండా ఒకళ్ల వెనక ఒకళ్లు వెళ్లిపోయారు. ఎవరూ నోరు విప్పలేదు. గరిటె పట్టుకున్నవాడు అలాగే నిలబడిపోయాడు. సుబేదార్ సాబ్ తలుపు దగ్గర నుంచి అంతా చూశాడు. రాత్రికి గట్టి పప్పు, ఉల్లిపాయ తాలింపుతో.

"ముందే అనుకున్నారా మీరంతా?"

"ఎవరు అనుకున్నారు? ముప్పై మందికీ ఆ పూట పప్పు మీద విరక్తి పుట్టింది, అంతే."

"సుబేదార్ సాబ్ పైకి రిపోర్టు రాయలేదా?"

"ఏమని రాస్తాడు? ఆకలి లేదంట అని రాస్తాడా?"

పిన్ని నవ్వుతూ ఇంకో గరిటె పప్పు వేసింది. నేను వదల్లేదు. "అయితే దాన్ని ఏమంటారు బాబాయ్? స్ట్రైకా, మ్యూటినీనా?"

"దానికి ఎవరూ పేరు పెట్టలేదు కాబట్టే నాకీ పెన్షన్ వస్తోంది," అన్నాడు, అన్నంలో నెయ్యి వేసుకుంటూ.